ముందు తలుపు గంట

1971 ఫిబ్రవరి 12, శుక్రవారం, మధ్యాహ్నం ఒకటిన్నర దాటాక బోధన్‌లో మా ఇంటి ముందు తలుపుకు కట్టిన గంట మోగింది. దాన్ని నేనే కట్టాను. దొంగను పట్టుకోవడానికి కట్టాను. మోగినప్పుడు నేను పెరట్లో ఉన్నాను.

అప్పుడు మా ఇంట్లో ముగ్గురం. మా నాన్న ముత్తన్న (నేను బాపు అని పిలిచేవాణ్ణి), నా భార్య వసంతమ్మ, నేను. బాపు చక్కెర ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క సీజన్లు పాన్‌మన్‌గా పనిచేసి రెండేళ్ల కింద దిగిపోయాడు. చెరకు రసం పాన్ అనే పెద్ద పాత్రలో ఉడుకుతుంటే చక్కెర పలుకు ఎప్పుడు కట్టిందో చూసి, దించమని చెప్పేది పాన్‌మన్. బాపు గాజు ముక్క మీద ఒక చుక్క వేసి, వెలుతురుకు పట్టి, బొటనవేలితో రాచి చెప్పేవాడు. ఆయన దించమన్నాక ఇంకొకరు చూసేది లేదు. పని వదిలాక కూడా సీజన్ మొదట్లో ఫ్యాక్టరీ కెమిస్టు కబురు పెట్టేవాడు. బాపు వారం రోజులు పోయి కొత్తవాళ్లకు పని చూపించి వచ్చేవాడు. అంతకు ముందు నవంబరులో కూడా కబురు వచ్చింది. పోయినవాడు రెండో రోజే ఇంటికి వచ్చేశాడు. ఎందుకని నేను అడగలేదు.

నాది నిజామాబాద్‌లో మోటార్లకు తీగ చుట్టే షాపులో పని. పొద్దున ఏడున్నర బస్సుకు పోయి చీకటి పడ్డాక వచ్చేవాణ్ణి. వసంతమ్మ ఇంట్లో బీడీలు చుట్టేది. పెరట్లో రేకుల పందిరి కింద ఆమె, మా ఎదురింటి భీమవ్వ ఎదురెదురుగా కూర్చునేవారు. భీమవ్వకు నలభై ఐదేళ్లుంటాయి. ఆమె భర్త లక్ష్మీరాజం ఫ్యాక్టరీలో బాపు దగ్గరే పాన్ మీద పనిచేసేవాడు. కామెర్లు వచ్చి ఆరేళ్ల కింద చనిపోయాడు. భీమవ్వది ఒకటే గది, కిటికీ లేదు. ఆకు కత్తిరించడానికి వెలుతురు చాలదు. అందుకని పొద్దున తొమ్మిదింటికి చేట చంకన పెట్టుకుని మా ముందు తలుపులోంచి పెరట్లోకి వచ్చేది. ఒంటిగంటకు అన్నానికి ఇంటికి పోయి రెండింటికి మళ్లీ వచ్చేది. ఎనిమిదేళ్లుగా అదే వరస. వసంతమ్మకు బీడీ చుట్టడం నేర్పింది ఆమెనే.

జనవరి 8న మూడు గిన్నెల టిఫిన్ డబ్బా పోయింది. 15న టార్చిలైటు పోయింది. 22న ఇత్తడి చెంబు పోయింది. మూడూ ముందు గదిలో ఉన్నవే. మూడూ మధ్యాహ్నం ఒంటిగంటకూ మూడింటికీ నడుమ పోయాయి. మూడు రోజులూ శుక్రవారాలే. శుక్రవారం వారపు సంత, అంగడి ఉంటుంది, బయటి మనుషులు వాడల్లో తిరుగుతారు అనుకున్నాం. కానీ అంగడికి వచ్చిన దొంగ మా ఒక్క ఇంటికే మూడుసార్లు ఎందుకు వస్తాడని వసంతమ్మ అడిగింది.

ముందు గదిలో మంచం బాపుది. మధ్యాహ్నం తిని అక్కడే పడుకునేవాడు. సాయంత్రం లోపల ఒకసారి లేచి చౌరస్తా హోటల్‌లో చాయ తాగి వచ్చేవాడు. మూడుసార్లూ ఆయనను అడిగాను. మూడుసార్లూ ఒకే మాట చెప్పాడు.

“నేను పండుకున్న బిడ్డా. ఎవ్వరు రాలే.”

చెంబు పోయిన రోజు ఏం జరిగిందో రాత్రి వసంతమ్మ చెప్పింది. చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు. బీడీలు చుట్టేవాళ్లలో ఒకరి చేటలో ఇంకొకరు చెయ్యి పెట్టరు. ఎవరి ఆకు వాళ్లది, ఎవరి తంబాకు వాళ్లది. పక్కన కూర్చున్న తల్లీబిడ్డలైనా అంతే. భీమవ్వ రెండింటికి వచ్చి కూర్చోగానే, చెంబు లేదని అప్పుడే చూసిన వసంతమ్మ లేచి ఆమె చేట మీది గుడ్డ తీసింది. ఆకు కట్ట విప్పింది. కట్ట కింద చెయ్యి పెట్టి చూసింది. చెంబు లేదు. కత్తెర అడగడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు అక్కడే ఉన్నారు. భీమవ్వ చేట ముందుకు లాక్కుంది. ఆకులు ఏరుకుంది, కట్ట కట్టుకుంది, పోయింది.

“చెంబు దొరికితే ఏం చేసేదానివి?” అని అడిగాను.

“దొరకాలని సూళ్లే. దొరకద్దని సూసిన” అంది వసంతమ్మ.

మర్నాడు శనివారం. బీడీ కార్ఖానాలో వారానికి సరిపడా ఆకు, తంబాకు ఇచ్చేది ఆ రోజే. అక్కడి మున్షీ రామ్‌దాస్. ఆకు తూచి ఇచ్చేదీ, చుట్టిన బీడీలు చూసి తీసుకునేదీ అతనే. కార్ఖానా సరుకు ఆడవాళ్ల ఇళ్లకు నమ్మకం మీదనే పోతుంది. భీమవ్వ కంటే ముందే మాట అక్కడికి చేరింది. రామ్‌దాస్ ఆమెకు ఆ వారం ఆకు ఇచ్చాడు. ఇస్తూ, దొంగతనం మాట వచ్చిన మనిషి చేతికి కార్ఖానా సరుకు ఎట్లా ఇచ్చేదని యజమాని తనను అడుగుతాడని చెప్పాడు. మూడు వారాలు చూస్తానన్నాడు. ఫిబ్రవరి 13 లోపల ఆ మాట పోకపోతే ఆమె పేరున ఆకు లెక్క రాసే కార్డు తీసుకుంటానన్నాడు. భీమవ్వకు ఇంకో పని రాదు. ఇంకో కార్ఖానా ఆ కార్డు లేనిదే ఆకు ఇవ్వదు.

ఆదివారం పొద్దున ఆమె మా ఇంటికి వచ్చింది. గడప దాటలేదు. వసంతమ్మ లోపలికి రమ్మంది. ఆమె విననట్టే నిలబడింది. నన్ను చూసి మాట్లాడింది.

“ఆత్మారాం, రామ్‌దాస్ సంగతి తెల్సిందా?”

తెలిసిందన్నాను. రేపు నిజామాబాద్ పోకుండా రామ్‌దాస్ దగ్గరికి వెళ్లి నేను మాట్లాడతానన్నాను.

“ఏమని మాట్లాడ్తవు? భీమవ్వ దొంగ గాదని సెప్తవా? దొంగైనా ఆకియ్యమని సెప్తవా?”

ఆమె చెయ్యి అడ్డంగా ఊపింది.

“మాటలద్దు. నువ్వు కరెంటు పనోనివి. తలుపు తీస్తె మోగేటట్టు గంట ఉంటదంట గదా, పెద్ద పెద్ద దుకాండ్లల్ల. గసొంటిది కట్టు. ఎవ్వలు దొరికితె గాళ్లే దొరుకుతరు.”

“కడత అక్కా” అన్నాను.

“జల్ది కట్టు. వారాలు మూడే ఉన్నయ్.” పోబోతూ ఆగింది. “నేనైతె నీ ఇంట్లకు రా. నేను రాకున్నా సామాను వోతదో లేదో గది గూడ సూడు.”

గంట నిజామాబాద్ పాత ఇనుము దుకాణంలో దొరికింది. ఏదో ఆఫీసులోంచి తీసేసిన కరెంటు గంట. లోపలి తీగ చుట్ట బాగానే ఉంది, సుత్తి దగ్గర స్ప్రింగు విరిగింది. షాపులో స్ప్రింగు వేసి, నాలుగు టార్చి సెల్లు వరసగా పెట్టి చూశాను. మోగింది. ఇంటి కరెంటు వద్దనుకున్నాను, మధ్యాహ్నం పూట అది ఉండేది తక్కువ.

మిగతాది కష్టం కాదు. చెక్కముక్క మీద రెండు ఇత్తడి రేకులు బిగించాను. ఒకదాని మీద ఒకటి ఒత్తుకునేటట్టు వంచాను. సెల్లనుంచి గంటకు పోయే తీగను మధ్యలో తెంపి, ఒక కొస ఒక రేకుకు, ఇంకో కొస ఇంకో రేకుకు కలిపాను. రేకులు తగిలితే గంట మోగుతుంది. తగలకుండా నడుమ ఒక ముక్క పెట్టాను. మోటారు గాడుల్లో తీగకూ ఇనుముకూ మధ్య పెట్టే దళసరి కాగితం అది, కరెంటును పోనివ్వదు. ఆ ముక్కకు దారం కట్టాను. చెక్కను తలుపు చౌకట్టుకు కొట్టాను, దారం కొసను తలుపు రెక్కకు కట్టాను. తలుపు జానెడు తెరుచుకుంటే దారం ముక్కను లాగేస్తుంది. రేకులు తగులుతాయి. తలుపు మళ్లీ మూసినా గంట ఆగదు. ఎవరో ఒకరు వచ్చి ముక్కను తిరిగి పెట్టాలి, లేదా స్విచ్చి ఆపాలి. గంటను, స్విచ్చిని పెరట్లో వసంతమ్మ కూర్చునే చోట పెట్టాను. జనవరి 31, ఆదివారం సాయంత్రానికి పని అయింది. ఈలోగా 29 శుక్రవారం ఏమీ పోలేదు.

బాపు స్టూలు మీద కూర్చుని అంతా చూశాడు. ఎన్ని వోల్టులని అడిగాడు. ఆరు అన్నాను. తల ఊపాడు. బయటికి పోవాలంటే ముందు వసంతమ్మను పిలువమని, ఆమె స్విచ్చి ఆపాకే తలుపు తియ్యమని చెప్పాను. సరే అన్నాడు. మాట తప్పలేదు. మర్నాటి నుంచి చాయకు పోయేటప్పుడు మంచం మీదనుంచే పిలిచేవాడు.

“అమ్మా వసంతా, హోటల్‌కు పోతున్న. నీ గంటకు చెప్పు.”

ఆ వారం గంట పదకొండుసార్లు మోగింది. రెండుసార్లు మేక, ఒకసారి పోస్టుమాన్, మిగతావి వాడకట్టు ఆడవాళ్లు. కొందరు గంట ఎట్లా మోగుతుందో చూద్దామనే వచ్చారు. మా ఇంటికి పోవాలంటే టికెట్టు తీసుకోవాలని, రైలు వచ్చే టైము ఎంతని వాడలో నవ్వుకున్నారు. భీమవ్వ తన గుమ్మంలో కూర్చుని ఆ కాస్త వెలుతురులోనే చుట్టుకునేది. నవ్వేవాళ్లతో ఆమె నవ్వలేదని వసంతమ్మ చెప్పింది.

ఫిబ్రవరి 5 శుక్రవారం బాపు గొంగడి పోయింది. గంట మోగలేదు.

మూడింటికి మంచినీళ్లకు లోపలికి వచ్చిన వసంతమ్మకు తలుపు దారానికి ముక్క వేలాడుతూ కనిపించింది. తలుపు తెరుచుకుందనడానికి అదే రుజువు. మంచం ఖాళీగా ఉంది. గంటన్నర తర్వాత బాపు వచ్చాడు. చెప్పకుండా ఎందుకు పోయావని అడిగితే చాయ తాగి వచ్చానన్నాడు. బాపు చెప్పకుండా చాయకు పోయాడు, ఆ సందులో దొంగ వచ్చాడు అని ఆమె అనుకుంది. నేను వచ్చేసరికి వాడలో ఇంకో మాట తిరుగుతోంది. గంట సంగతి తెలిసినవాళ్లే తీశారని. గంట కట్టమని అడిగిందెవరో అందరికీ తెలుసు.

నేను దీపం పట్టుకుని చౌకట్టు దగ్గర చెక్కను చూశాను. దారానికి వేలాడుతున్నది నేను పెట్టిన కాగితం కాదు. బీడీలు చుట్టే తునికి ఆకు. కొలత మాత్రం సరిగ్గా ఉంది. ఇత్తడి రేకులు రెండూ ఆకు తగిలిన మేర పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. గోటితో గీకితే పొడి రాలింది. చిలుము మధ్యనుంచి కరెంటు పోలేదు, అందుకే మోగలేదు.

వసంతమ్మను అడిగాను. గురువారం స్విచ్చి ఆపి ఊడ్చేటప్పుడు కాగితం ముక్క ఊడి, ఆకు తుంటల్లో కలిసి చెత్తలో పోయిందని చెప్పింది. నేను తిడతానని, దాని కొలతకు ఆకు కత్తిరించి పెట్టానంది.

“తడి ఆకు పెట్టినవా?”

“ఎండాకు కత్తెర పెడితె పలుగుతది గదా. ఎప్పుడన్న ఎండాకు కోస్తమా?”

బీడీ చుట్టేవాళ్లు ఆకును తడిపి, తడిగుడ్డలో చుట్టి పెట్టి, మెత్తబడ్డాకే కత్తెర పెడతారు. ఆమె చేతికి అదే అలవాటు. తడి ఆకులోంచి రాత్రంతా, పగలంతా కాస్త కాస్త కరెంటు పారి ఇత్తడిని తినేసింది. నేను గరుకు కాగితంతో రేకులు రుద్దాను. రెండు సెల్లు మార్చాను. దళసరి కాగితం ముక్కలు ఐదు కోసి, ఒకటి పెట్టి, నాలుగు ఆమె చేతికి ఇచ్చాను.

మర్నాడే రామ్‌దాస్ దగ్గరికి పోయి గంట చెడింది మా తప్పు వల్ల, తెలిసినవాళ్ల తెలివి వల్ల కాదు అని చెప్పవలసింది. పోలేదు. ఇంకో వారం ఉంది కదా, దొంగ దొరికాక ఒకేసారి చెబుదామనుకున్నాను.

క్యాలెండరులో సామాను పోయిన తేదీలకు గీతలు పెట్టుకుని, 12వ తేదీ షాపుకు సెలవు పెట్టాను. ఆ మాట ఇంట్లో వసంతమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. పొద్దున మామూలుగా బస్సుకు పోయినట్టు బయటికి వెళ్లి, చుట్టు తిరిగి పెరటి గోడ దిగి వచ్చాను. ఒంటిగంటకు వసంతమ్మ బాపుకు అన్నం పెట్టింది. ఆయన తిన్న చప్పుడు, చెయ్యి కడిగిన చప్పుడు పెరట్లోకి వినిపించాయి. తర్వాత మంచం కిర్రుమంది.

ఒకటిన్నర దాటాక గంట మోగింది.

వంటగది దాటి ముందు గదిలోకి నాలుగు అంగల్లో పోయాను. చేతిలో చెరకు గడ కూడా ఉంది. బాపు తెరిచిన తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఖాకీ అంగీ, ఖాకీ ప్యాంటు వేసుకున్నాడు. అవి పెట్టెలో అడుగున ఉండేవి. చేతిలో మూత పెట్టిన గిన్నె, దాన్ని తువ్వాలలో కట్టుకున్నాడు. గంట చప్పుడు ఎక్కడనుంచి వస్తోందో అన్నట్టు పైకి చూస్తున్నాడు. నన్ను చూసి, నేను అక్కడ ఎందుకున్నానని అడగలేదు.

“లక్ష్మీరాజం ఇంక రాలె” అన్నాడు. “పాన్ మీద ఎవ్వరు లేరు. నేను ఎక్కుత.”

వెనుక వసంతమ్మ స్విచ్చి ఆపింది. గంట ఆగింది. బాపు గడప దిగాడు. నేను చెరకు గడ గోడకు ఆనించి ఆయన వెంట నడిచాను.

మా ఇంటినుంచి ఫ్యాక్టరీ గేటుకు మైలుంపావు. చెరకు బండ్లు రోడ్డు పొడవునా ఆగి ఉన్నాయి. బాపు బండ్ల పక్కనుంచి నడిచాడు, ఎక్కడా ఆగలేదు. దారి తప్పలేదు. ఎదురైన ఒకరిద్దరు నమస్తే పెడితే తల ఊపాడు. గేటు దగ్గర వాచ్‌మన్ భోజన్న స్టూలు తెచ్చి వేశాడు. బాపు కూర్చున్నాడు. భోజన్న లోపలినుంచి చాయ తెప్పించాడు. రెండు గంటల కూత అయ్యేదాకా బాపు గేటు వైపే చూస్తూ కూర్చున్నాడు. షిఫ్టు దిగినవాళ్లు బయటికి వచ్చారు, ఎక్కేవాళ్లు లోపలికి పోయారు. తర్వాత భోజన్న ఆయన దగ్గరికి వంగి, లక్ష్మీరాజం వచ్చిండు కాకా, పాన్ మీదికి పోయిండు అన్నాడు. బాపు గిన్నె స్టూలు మీద పెట్టి లేచాడు. లేచి ఇంటి దారి పట్టాడు.

భోజన్న నన్ను పక్కకు పిలిచాడు. అతని గదిలో బల్ల కింద మా టిఫిన్ డబ్బా, టార్చిలైటు, ఇత్తడి చెంబు, మడతపెట్టిన గొంగడి ఉన్నాయి. గిన్నెను కూడా వాటి పక్కన పెట్టాడు. శుక్రవారం షిఫ్టులు మారే రోజు. లక్ష్మీరాజం తాగినప్పుడల్లా శుక్రవారం రాకపోయేవాడట, అతని డ్యూటీ బాపు ఎక్కేవాడట. హాజరు పోకుండా ఏళ్ల తరబడి అట్లా చేశాడట. నాకు ఆ సంగతి అప్పుడే తెలిసింది.

“ఇంట్ల ఎరుకే అనుకున్న ఆత్మారాం” అన్నాడు భోజన్న. “సామాను ఎవరన్న వచ్చి తీస్కపోతరని దాసిపెట్టిన.”

సామాను గొంగట్లో మూట కట్టి భుజాన వేసుకుని, బాపును కలుసుకుని ఇంటికి వచ్చాను. బాపు బట్టలు మార్చుకుని పడుకున్నాడు. వసంతమ్మ సామానును ఒక్కొక్కటే కింద పెట్టింది. చెంబును చేత్తో తుడిచింది. తుడిచి పెట్టి, దొంగ కనబడ్డాడని చెబుదామంది. ఎవడో అంగడికి వచ్చినవాడు, సామాను పడేసి ఉరికాడని చెబితే భీమవ్వ మీద మాట పోతుంది, మామ పేరు బయటికి రాదు. ఎవరికీ నష్టం లేదు.

నేనూ అదే ఆలోచిస్తూ వచ్చాను. నిజం చెబితే ఏమవుతుందో తెలుసు. పాన్ ముత్తన్నకు మతి తప్పిందన్న మాట సాయంత్రానికి ఫ్యాక్టరీకి చేరుతుంది. కెమిస్టు ఇక కబురు పెట్టడు. (తర్వాత అట్లాగే అయింది. ఆ ఏడు నవంబరులో కబురు రాలేదు. ఆ నెల అంతా బాపు పొద్దున లేచి గడ్డం గీసుకుని కూర్చునేవాడు.)

పొద్దు గూకక ముందు వసంతమ్మ, నేను ఎదురింటికి పోయాము. భీమవ్వ గుమ్మంలో కూర్చుని బీడీల కట్టలకు దారం చుడుతోంది. వసంతమ్మ ఆమె ముందు నేల మీద కూర్చుంది. అంగడి దొంగ కథ నేను చెప్పాను. పారిపోయాడన్నాను. సామాను దొరికిందన్నాను. భీమవ్వ కట్ట పూర్తి చేసి పక్కన పెట్టింది.

“టార్చిలైటు, గొంగడి అన్ని ఒక్కతాన దొరికినయా?”

దొరికాయన్నాను.

“మంచి దొంగ. నెల దినాలు సామాను అమ్ముకోకుంట మోస్కతిరిగిండు.”

వసంతమ్మ తల వంచుకుంది. భీమవ్వ చేతిలో దారం ఆపి చెప్పింది. డబ్బా పోయిన మొదటి శుక్రవారం అన్నానికి ఇంటికి పోయి, ఒకటిన్నర దాటాక తన గుమ్మంలోంచి చూసింది. ముత్తన్న డబ్బా పట్టుకుని బజారు దిక్కు నడుస్తున్నాడు. ఎవరికో అన్నం తీసుకుపోతున్నాడనుకుంది. టార్చిలైటు పోయిందన్న రోజు అర్థమైంది.

“మరి ఎందుకు చెప్పలేదక్కా?” అన్నాను.

“చెంబు వోయిననాడు వసంత నా చేట ఇప్పింది. అప్పుడు నేను మీ బాపు పేరు సెప్తె ఏమంటరు? దొంగది, పెద్దమనిషి మీదికి తోస్తుందంటరు. నేను సెప్తె ఎవ్వలు నమ్ముతరు ఆత్మారాం? గంట సెప్తె నమ్ముతరు.”

వసంతమ్మ ఏడవడం మొదలుపెట్టింది. భీమవ్వ ఆమెను ఊరుకోమనలేదు. ఊరుకునేదాకా కూర్చుంది. తర్వాత నాతో అంది.

“రేపు శనివారం. నాకు ఆకు గావాలె. రామ్‌దాస్‌తోని ఏం సెప్పుకుంటవో నీ ఇష్టం. ముత్తన్న కాక పేరు నా నోటికెల్లి రాదు. మా ఇంటాయన హాజరు వోకుంట ఎన్ని శుక్రారాలు ఎక్కిండో నాకెరుకే.”

రాత్రి దీపం ఆర్పేముందు వసంతమ్మ ఒక్కటే అడిగింది. భీమవ్వ చేట తాను విప్పిన మాట కూడా రేపు చెప్పమంది.

ఫిబ్రవరి 13 పొద్దున తొమ్మిదింటికి కార్ఖానాకు పోయాను. నలభైమంది దాకా ఆడవాళ్లు చేటలు, సంచులతో వరసలో ఉన్నారు. భీమవ్వ వరసలో ఏడో మనిషి. నా దిక్కు చూడలేదు. రామ్‌దాస్ తక్కెడ ముందు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి వరసను ఆపాడు. దొంగ దొరికాడా అని అడిగాడు. సామాను దొరికిందన్నాను. దొంగ ఏ ఊరివాడని, పోలీసులకు అప్పగించారా అని అడిగాడు.

“దొంగ లేడు” అన్నాను. “మా బాపే తీస్కపోయిండు. డ్యూటీకి పోతున్న అనుకుని ఫ్యాక్టరీ గేటు కాడ పెట్టి వస్తుండు. యాది తప్పింది.”

వరసలో ముందున్నవాళ్లు వెనక్కి తిరిగి భీమవ్వను చూశారు.

“ముత్తన్న కాకనా?” అన్నాడు రామ్‌దాస్.

“ఆయనే. గంట నేను కట్టిన, నేను కండ్లార చూసిన. భీమవ్వ చేట మా ఇంటామె ఇప్పింది. ఇప్పకుండ ఉండాల్సింది. తప్పు మాది.”

రామ్‌దాస్ కాసేపు తక్కెడ రాయిని చేతిలో తిప్పాడు. తర్వాత ఏడో మనిషిని పేరు పెట్టి పిలిచాడు. ముందున్న ఆరుగురు జరిగి దారి ఇచ్చారు. భీమవ్వ కార్డు ఇచ్చింది. అతను దాని మీద తేదీ వేసి తిరిగి ఇచ్చాడు. ఆకు తూచి కట్ట కట్టి ముందుకు నెట్టాడు, తంబాకు పొట్లం దాని మీద పెట్టాడు.

భీమవ్వ అక్కడే కూర్చుని కట్ట విప్పింది. ఆకులు ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూసింది. వెనుక వరస ఆగి ఉంది, ఎవరూ తొందర పెట్టలేదు. చిల్లులు పడ్డవి, ఈనెలు ముదిరినవి పదహారు ఏరి తక్కెడలో వేసింది. రామ్‌దాస్ వాటిని తీసి, పదహారు మంచి ఆకులు ఇచ్చాడు.